బందరులో లేని పత్రిక

జూన్ మొదటివారంలో ఒక మంగళవారం ఉదయం పట్టాభి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు మొదలుపెట్టాలి. 'వలస పాలనలో పత్రికల ఎదుగుదల' అనే పాఠాన్ని మామూలుగా రెండు రోజులు చెప్పేవాడు, ఆ రోజు గంటన్నరలో ముగించాలి. పదిన్నరకల్లా ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి, తెనాలి నుంచి బస్సులో వస్తున్న అత్తగారు వెంకాయమ్మను, ఆమెతోపాటు దిగే రెండు ఆవకాయ జాడీలను ఆటోలో చైతన్యపురి ఫ్లాటుకు చేర్చాలి.

"ఆదివారం నాన్నగారి తద్దినం. పురోహితుడికి ఫోన్ చేసి పేరూ గోత్రం చెప్పండి. పేరు సాంబమూర్తి," అంది భార్య ఉదయలక్ష్మి టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"మావగారి పేరు నాకు తెలీదంటావా ఉదయా?"

"పోయినేడు సాంబశివరావని చెప్పారు. సగం మంత్రాలు ఎవరికో వెళ్లిపోయాయి."

పట్టాభి చెప్పులు వేసుకున్నాడు. చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో స్తంభాల నీడలో నడుస్తూ సాంబమూర్తి, సాంబమూర్తి అని మనసులో వల్లించుకున్నాడు.

'గమ్యశ్రీ' కోచింగ్ సెంటర్‌లో ఆయన ఇరవై రెండేళ్లుగా చరిత్ర చెబుతున్నాడు. ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు పట్టాభి సారంటే ఇష్టం. తిట్టడు, పాఠాన్ని కథలా చెబుతాడు. నాలుగో అంతస్తులోని ఆ పొడుగాటి గదిలో ఆ రోజు నూట ఎనభై మంది ఉన్నారు. రెండు ఏసీల్లో ఒకటి పనిచేయడం లేదు. కలకత్తాలో ఒక ఐర్లండువాడు పెట్టిన మొదటి వారపత్రిక దగ్గర మొదలుపెట్టి, మిషనరీల అచ్చుయంత్రాలు, దేశభాషల పత్రికలు దాటుకుంటూ 1878 నాటి చట్టం దగ్గరికి వచ్చేసరికి వెనక నాలుగు వరుసలు కునుకు తీస్తున్నాయి.

జేబులో ఫోన్ వణికింది. "బస్సు పంతంగి టోల్‌గేటు దాటింది" అని ఉదయలక్ష్మి మెసేజ్. ఇంకో ముప్పావుగంటలో అత్తగారు ఎల్బీనగర్‌లో దిగుతుంది. పాఠం ఇంకా సగం ఉంది. ఈ చట్టమొక్కటీ వాళ్ల బుర్రకెక్కితే మిగతాది మెటీరియల్లో చదువుకోమని చెప్పి పోవచ్చు. దేశభాషల్లో పత్రిక వేసేవాడు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఏమీ రాయనని పూచీకత్తు ఇవ్వాలి, లేకపోతే ప్రెస్సు జప్తు. ఈ రెండు ముక్కల్ని నిద్రపోతున్నవాళ్లకు చెప్పడం ఎలాగా అని ఆయన ఒక్క క్షణం ఆగాడు. నోట్లో ఒక పేరు సిద్ధంగా ఉంది.

"బందరులో సాంబమూర్తి అని ఒకాయన ఉండేవాడు," అన్నాడు పట్టాభి. "ఇంటిపేరు చెరుకువాడ. ఆయన పత్రిక పేరు ఘంటిక."

చెరుకువాడ కూడా మావగారి ఇంటిపేరే. ఘంటిక మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు.

"1879లో కలెక్టరు పిలిపించి, మా మీద ఏమీ రాయనని సంతకం పెట్టమన్నాడు. పెట్టాడు. వారం తిరిగేసరికి పత్రిక వచ్చింది. నాలుగు పేజీలూ తెల్లకాగితాలు. ఒక్క అక్షరం లేదు. చివరి పేజీలో అడుగున ఒకే ఒక్క వాక్యం: ఈ వారం చెప్పవలసినది చాలా ఉన్నది."

వెనక వరుసల్లో ఒక్కొక్క తలా లేచింది.

"జనం ఆ తెల్లకాగితాలే కొనుక్కున్నారు. ఎవరి బాధ వాళ్లు దానిమీద రాసి కలెక్టరుకు పోస్టు చేశారు. పన్ను కట్టలేనివాడు, పొలం పోయినవాడు, కొడుకు జైల్లో ఉన్నవాడు. మూడు బస్తాలయ్యాయి. సంతకం పెట్టినవాడు ఏమీ రాయలేదు కదా, ఎవణ్ణి పట్టుకుంటారు? చివరికి ప్రెస్సు తగలబెట్టించారు. ఒక్క ప్రతి కూడా మిగల్లేదు."

గది చప్పట్లతో దద్దరిల్లింది. ఇరవై రెండేళ్లలో 1878 చట్టానికి చప్పట్లు పడటం అదే మొదలు. ఇది ఉదాహరణకు చెప్పిన కథ మాత్రమే అని అనబోయి నోరు తెరిచాడు పట్టాభి. సరిగ్గా అప్పుడే మూడో వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. పేరు జోస్నా. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, నోట్సు అందరికంటే ముందు రాసేది ఎప్పుడూ ఆమే.

"సార్, గిది ఏ పుస్తకంల ఉంది సార్? చదువుకుంట."

ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది. కానీ చప్పట్లు ఇంకా ఆగలేదు, టైము పది దాటింది. "అన్నీ పుస్తకాల్లోనే ఉంటే ఇక నేనెందుకమ్మా?" అన్నాడు పట్టాభి. గదంతా నవ్వింది. జోస్నా తలదించుకుని కూర్చుంది. ఆయన డస్టర్ బల్లమీద పెట్టి మెట్లు దిగి ఆటో ఎక్కాడు. వెంకాయమ్మ వేళకే దిగింది. జాడీలు కూడా పగల్లేదు.

క్లాసులన్నీ రికార్డు చేసి ముక్కలుగా యూట్యూబ్‌లో పెట్టడం గమ్యశ్రీకి అలవాటు. శుక్రవారానికి 'తెల్లకాగితం' ముక్కను మూడు లక్షలమంది చూశారు. సెంటర్ యజమాని వెంకట్రావు సూర్యాపేట మనిషి, ఒకప్పుడు తానే లెక్కల సారు. ఆయన పట్టాభిని గదిలోకి పిలిచి కుర్చీ తానే జరిపాడు.

"ఇరవై రెండేండ్లు గీ ముక్క ఏడ దాసిపెట్టిన్రు సార్? మన మెటీరియల్‌ల బాక్సు గట్టి ఏపిస్తున్న."

"వద్దు లెండి. అది ఏదో మాటవరసకు..."

"మాటవరసకు చెప్తెనే గిట్లుంటే మనసు పెట్టి చెప్తే ఎట్లుంటదో," అన్నాడు వెంకట్రావు. మరునాటికి మెట్రో స్తంభం మీద పట్టాభి ఫొటోతో ఫ్లెక్సీ వెలిసింది. దాని కింద ఆయన పేరు కంటే పెద్ద అక్షరాల్లో 'తెల్లకాగితం సార్' అని ఉంది.

ఎదురుగా నిలబడి చెప్పడం కంటే ప్రూఫులో రాసేయడం తేలిక అనుకున్నాడు పట్టాభి. ప్రూఫులు వచ్చినప్పుడు ఎనభై నాలుగో పేజీలో ఆ బాక్సు పక్కన ఎర్ర ఇంకుతో 'ఇది లేదు' అని రాసి, దాని కింద గీత గీసి పంపాడు. కొట్టేస్తే ఎందుకని అడుగుతారు. 'లేదు' అని రాస్తే ఎవరైనా అర్థం చేసుకుంటారని ఆయన ఉద్దేశం.

డీటీపీ చేసే సూర్యప్రభ పనిలో చాలా శ్రద్ధ గల మనిషి. నాలుగు రోజుల తర్వాత అచ్చయిన పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది లేదని రాశారు కదా సార్, వెతికి చూశాను. చివర బిట్లలో నిజంగానే లేదు. మూడు బిట్లు పెట్టాను. సంవత్సరాల పట్టికలో కూడా లేదు, అక్కడా చేర్చాను."

పట్టాభి పుస్తకం తిరగేశాడు. ఒక్కచోట ఉన్న ఘంటిక ఇప్పుడు ఐదు చోట్ల ఉంది. థాంక్స్ అమ్మా అని పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

నెలలోపు దిల్‌సుఖ్‌నగర్‌లోని మిగతా సెంటర్లన్నీ ఘంటికను తమ మెటీరియల్లో వేసుకున్నాయి. ఒక సెంటరువాళ్లు మాత్రం కాపీ కొట్టారంటారేమోనని సంవత్సరాన్ని 1880 చేశారు. దాంతో 'ఘంటిక 1879లోనా, 1880లోనా' అని విద్యార్థుల మధ్య పెద్ద వాదమే మొదలైంది. పట్టాభి దగ్గరికి తీర్పు కోసం వచ్చారు.

"1879," అన్నాడు ఆయన, కొంచెం కోపంగా. ఆ కోపం ఎందుకొచ్చిందో ఆయనకే అర్థం కాలేదు.

ఇంట్లో ఇంకో ముచ్చట జరిగింది. ఆ వీడియోను పక్క ఫ్లాటు యాదలక్ష్మి తన ఫోన్లో వెంకాయమ్మకు చూపించింది. వెంకాయమ్మ రెండుసార్లు చూసి కళ్లద్దాలు తుడుచుకుంది.

"మావారి ముత్తాత పేరు సాంబమూర్తే. ఆయన పేరే మావారికి పెట్టారు," అంది. "వాళ్లది బందరు దగ్గరే. అల్లుడుగారు ఇన్నాళ్లూ మాతో ఒక్కమాట అనలేదు చూడండి. గొప్పలు చెప్పుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు."

తద్దినం అయ్యాక తెనాలి వెళ్లవలసిన మనిషి ప్రయాణం మానుకుంది. రోజుకొకరికి ఫోన్ చేసి ఆ కథ చెప్పసాగింది. చెప్పిన ప్రతిసారీ ఆమెకు కొత్త సంగతి ఒకటి గుర్తొచ్చేది. అత్తవారింటి అటక మీద ఒక చెక్కపెట్టె ఉండేదట, దాన్నిండా సీసపు అచ్చు అక్షరాలట. ఆ ఇంటి పిల్లలు వాటితో గచ్చకాయలాట ఆడుకున్నారట.

"అత్తయ్యగారూ, ఆ పెట్టె మీరు చూశారా?" అని అడిగాడు పట్టాభి భయంభయంగా.

"చూడకపోతే ఎలా చెబుతాను బాబూ," అంది వెంకాయమ్మ.

ఉదయలక్ష్మికి మాత్రం మొదట్నించీ అనుమానంగానే ఉంది. ఒకరోజు వంటింట్లో నెమ్మదిగా అడిగింది: "నాన్నగారి పేరు మర్చిపోవద్దంటే ఇలా గుర్తుపెట్టుకున్నారా?" పట్టాభి తలూపాడు. "అమ్మకు మీరే చెప్పండి," అందామె. "నేను చెప్పలేను. నాన్నగారు పోయాక అమ్మ ఇన్ని ఫోన్లు చేయడం ఇదే." ఆయన రేపు చెబుతానన్నాడు.

జులై చివరి ఆదివారం గమ్యశ్రీ ప్రతిభా పరీక్ష పెట్టింది. మొదటి ర్యాంకుకు ఏడాది బ్యాచ్‌లో ఉచితంగా సీటు, హాస్టలు. పన్నెండువందల మంది రాశారు. ఫలితాలొచ్చాయి. వనస్థలిపురం అబ్బాయి మొదటివాడు, ఒక్క మార్కు తేడాతో జోస్నా రెండవది. ఫ్లెక్సీ మీద ఆ అబ్బాయి ఫొటో ఎక్కింది.

మరునాడు జోస్నా స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. చేతిలో ప్రశ్నపత్రం ఉంది. అరవై ఒకటో ప్రశ్న దగ్గర వేలు పెట్టింది. 'తెల్లకాగితాలతో సంచిక వెలువరించిన పత్రిక ఏది?' కింద నాలుగు జవాబులు. మొదటిది ఘంటిక. నాలుగోది 'పైవేవీ కావు'.

"నేను నాలుగోది పెట్టిన సార్. తప్పని కొట్టేసిన్రు."

"ఎందుకు పెట్టావమ్మా? నేను క్లాసులో చెప్పాను కదా."

"మీరు చెప్పినంక అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోయిన సార్. అయిదు శనివారాలు. ఏడా లేదు. అండ్ల పనిచేసే ఒక పెద్దాయన గూడ ఎతికిండు. లేనిదాన్ని లేదని రాసిన."

గొంతులో నిష్ఠూరం లేదు. ఆ సీటు రాకపోతే ఏం చేస్తావని పట్టాభి అడిగాడు. "ఏముంది సార్, ఈ చిన్న బ్యాచ్ అయిపోయింది గద. పెద్ద బ్యాచ్‌ల చేరేతట్టు లేదు. డాడీ పనిచేసే పండ్ల మార్కెట్‌ల బిల్లులు రాసెటోళ్లు గావాల్నంట," అంది.

ఆమె వెళ్లగానే పట్టాభి వెంకట్రావు గదికి వెళ్లాడు. నిజం మొత్తం చెప్పాలనే వెళ్లాడు. తలుపు తెరిచేసరికి గోడమీద తన ఫొటో, కింద 'తెల్లకాగితం సార్' అన్న అక్షరాలు కనిపించాయి. నోట్లో నిజం సగానికి తగ్గింది.

"అరవై ఒకటో ప్రశ్నకు ఆధారాలు అంత గట్టిగా లేవండీ. ఆ మార్కు సంగతి కొంచెం చూడాలి."

వెంకట్రావు పరీక్షల విషయంలో న్యాయమైన మనిషి. వెంటనే సూర్యప్రభను పిలిచి, అరవై ఒకటో ప్రశ్నకు అందరికీ ఒక మార్కు కలపమన్నాడు. సూర్యప్రభ అందరికీ కలిపింది. అప్పటికే ఆ మార్కు వచ్చినవాళ్లకు కూడా ఇంకోటి కలిపింది. పన్నెండువందల మందికీ ఒక మార్కు పెరిగింది. జోస్నా మళ్లీ ఒక్క మార్కు తేడాతో రెండవది.

"అదేంటండీ, ఘంటిక అని రాసి మార్కు తెచ్చుకున్నవాళ్లకూ కలిపితే ఎలా?" అన్నాడు పట్టాభి.

"అందరికంటే అందరికే సార్. ఒకరికి కలిపి ఒకరికి కలపకపోతే లొల్లి అయితది," అన్నాడు వెంకట్రావు. "అయినా ఫ్లెక్సీ ఏసినంక ఎవరు దించుతరు?"

ఆగస్టు మొదటివారం నుంచి మూడో వరుసలో జోస్నా కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పట్టాభి పాఠం చెబుతూ చెబుతూ అటు చూసి ఆగిపోయేవాడు. పిల్లలు అది కూడా ఏదో కథకు ముందు ఆగడం అనుకుని పెన్నులు పట్టుకుని సిద్ధంగా కూర్చునేవారు.

పదిహేనో తేదీన అపార్టుమెంటు సంఘంవాళ్లు జెండా ఎగరవేయడానికి వెంకాయమ్మను పిలిచారు. పత్రికా వీరుడి వంశం వాళ్లు మన మధ్య ఉండగా కార్పొరేటర్ ఎందుకన్నారు. ఆమె పెళ్లినాటి వంకాయరంగు పట్టుచీర కట్టుకుని తాడు లాగింది. శాలువా కప్పారు. తర్వాత పట్టాభిని రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఇక్కడ చెప్పేయాలి అనుకుని ఆయన మైకు ముందుకు వెళ్లాడు. "ఆ కాలంలో నిజంగా పత్రికలు నడిపినవాళ్లు..." అని మొదలుపెట్టాడు. ముందు కుర్చీలో వెంకాయమ్మ శాలువా జారకుండా గట్టిగా పట్టుకుని తనవైపే చూస్తోంది. "...చాలా కష్టపడ్డారు," అని ముగించి వచ్చేశాడు. లడ్డూలు పంచారు. పట్టాభి తనకిచ్చిన లడ్డూను చేతిలో పట్టుకునే ఇంట్లోకి వచ్చాడు.

ఆ ఆదివారం ఆయన ఎల్బీనగర్‌లో బస్సెక్కి బాటసింగారం వెళ్లాడు. పండ్ల మార్కెట్లో బత్తాయి కుప్పలు నడుము ఎత్తున ఉన్నాయి. హైవే దిగిన లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. జోస్నా తండ్రి ఆనంద్ కుమార్ తలకు తువ్వాలు చుట్టుకుని లారీలోంచి పెట్టెలు దించుతున్నాడు. కమీషన్ దుకాణం లోపల చిన్న బల్ల దగ్గర జోస్నా బిల్లు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. సారును చూసి లేచి నిలబడింది.

పట్టాభి అక్కడే, బత్తాయి ధరలు అరుస్తున్న గొంతుల మధ్య, మొత్తం చెప్పాడు. అత్తగారి బస్సు, పూచీకత్తు, నోట్లో ఉన్న పేరు, చప్పట్లు, ప్రూఫు, అందరికీ మార్కు. ఏదీ దాచలేదు. ఆనంద్ కుమార్ పెట్టె దించి, స్టూలు తువ్వాలుతో తుడిచి ముందుకు జరిపాడు.

"జర కూసోండి సార్," అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "గా దినం బిడ్డ అడిగినప్పుడే కల్పించిన అని ఒక్కమాట అంటే అయిపోతుండె గద సార్," అన్నాడు. "అందరు నవ్విన్రని వారం దాక రొట్టె సరిగ తినలే. మేము తిట్టినం. సార్‌ని గట్లెందుకు అడిగినవ్, సార్లకు తెల్వదా అని మేమే తిట్టినం."

పట్టాభి ఆ స్టూలు మీద కూర్చోలేకపోయాడు. క్షమించమని అడగడం కూడా ఇప్పుడు తన కోసమే అనిపించింది. అయినా అడిగాడు. జోస్నా బల్ల సొరుగులోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి ఇచ్చింది.

"ఘంటిక కోసం ఎతికిన సార్. అది దొరకలే. గివి దొరికినయ్."

అందులో పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు పత్రికల పేర్లున్నాయి. బళ్లారి, మద్రాసు, బందరు, రాజమండ్రి. ఒక్కోదానికీ ఎక్కడ మొదలైంది, ఎవరు నడిపారు, ఎన్నాళ్లు బతికింది, ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉంది అని గుండ్రని అక్షరాలతో రాసుంది. కొన్ని ఏడాది బతికాయి. కొన్ని మూడు సంచికలతో పోయాయి. ఒకాయన చందాదారులు లేక ప్రెస్సు అమ్ముకున్నాడు. మొత్తం నలభై మూడు. వాటిలో పట్టాభి విన్నవి తొమ్మిది. చివరి పేజీలో ఘంటిక అని రాసి, దాని ఎదురుగా గళ్లన్నీ ఖాళీగా వదిలేసింది.

"ఇది ఒక వారం నాకిస్తావా?" అని అడిగాడు.

"జిరాక్స్ తీసుకోండి సార్. నోట్‌బుక్ మాత్రం ఇయ్య," అంది జోస్నా.

ఇంటికొచ్చి ముందు వెంకాయమ్మకు చెప్పాడు. ఆమె బాల్కనీలో కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. విన్నంతసేపూ చేతులు ఆగలేదు. విన్నాక ఆగాయి.

"మరి ఆ చెక్కపెట్టె?" అంది తనలో తాను అనుకున్నట్టు. "మావారు ముప్పై ఏళ్లు మున్సిపాలిటీలో నీళ్ల పన్ను రాశారు బాబూ. పోయినప్పుడు పేపర్లో రెండు లైన్లు కూడా పడలేదు. ఆ ముత్తాతగారు ఏం చేసేవారో మాకెవరికీ తెలీదు. రెండు నెలలపాటు తెలిసింది. పోన్లే," అని మళ్లీ కాయ అందుకుంది. ఆ సాయంత్రమే తెనాలికి టిక్కెట్టు చేయించమంది. ఉదయలక్ష్మి ఎంత చెప్పినా వినలేదు. శాలువాను మాత్రం పెట్టెలో అడుగున పెట్టుకుని తీసుకెళ్లింది.

సోమవారం పట్టాభి వెంకట్రావు గదికి రెండోసారి వెళ్లాడు. ఈసారి గోడవైపు చూడలేదు.

"ఘంటిక అనే పత్రిక లేదండీ. నేనే కల్పించాను."

వెంకట్రావు లేచి తలుపు వేసి వచ్చాడు. "ఎవరు పిలుస్తున్రు సార్ మిమ్మల్ని? ఆ ఎదుటి సెంటరోళ్లా?"

"ఎవరూ పిలవడం లేదు. నేను కల్పించానంటున్నాను."

"సమజైంది. కల్పించింది మీరంటే హక్కు మీదైతది. రేపు ఆడికి పోయి గదే పాఠం చెప్తరు, నేను బాక్సు తీసేయాల్నంటరు. గిది నాకు తెల్వని ఆట కాదు," అన్నాడు వెంకట్రావు నొచ్చుకుంటూ. "ఇరవై రెండేండ్లు ఒక్క తాన ఉన్నం. నేరుగ అడుగుండ్రి. ఏం గావాలె?"

పట్టాభి వివరించబోయి ఆగాడు. వివరిస్తే ఏమవుతుందో ఆయనకు ఈ పాటికి కొంత అనుభవం వచ్చింది.

"జోస్నాకు ఏడాది బ్యాచ్‌లో సీటు కావాలి. ఎనభై నాలుగో పేజీ తీసేయాలి," అన్నాడు.

వెంకట్రావు ఆలోచించాడు. ఫలితాలు ప్రకటించాక ఉచిత సీటు ఇంకొకరికి ఇస్తే మూడో ర్యాంకు వాళ్ల నాన్న ఊరుకోడు. అందుకని దారి ఆయనే కనిపెట్టాడు. మెటీరియల్లో తప్పులు పట్టే మనిషి సెంటరుకు ఎలాగూ లేదు. ఆ అమ్మాయి పొద్దున క్లాసులో కూర్చోవచ్చు, మధ్యాహ్నం ప్రూఫులు చూడొచ్చు, జీతం కూడా ఇస్తాడు. "మీరు మాత్రం యాడికి పోవొద్దు," అని పట్టాభి చేయి పట్టుకున్నాడు. ఎక్కడికీ వెళ్లనని పట్టాభి మాట ఇచ్చాడు. అది మాత్రం ఆ మూడు నెలల్లో ఆయన చెప్పిన మాటల్లో సులువైనది.

క్లాసులో కూడా చెప్పాడు. ఘంటిక లేదు, సాంబమూర్తి లేడు, అడిగిన అమ్మాయిని నవ్వులపాలు చేసింది నేను అన్నాడు. ఒకతను చేయెత్తాడు.

"సార్, పరీక్షల వస్తే ఏం పెట్టాలె?"

"రాదు."

"ఒకవేళ వస్తే సార్?"

ఎవరో వెనక నుంచి, మెల్లగా, 1879 అన్నారు.

జోస్నా సెప్టెంబరులో చేరింది. ఆనంద్ కుమార్ మొదటిరోజు తానే తీసుకొచ్చి, సంచీనిండా బత్తాయిలు స్టాఫ్‌రూమ్ బల్లమీద పెట్టి వెళ్లాడు. ఆమె పట్టాభికి నమస్కారం చేసింది గానీ ఇదివరకటిలా నవ్వలేదు. ఆయన కూడా నవ్వమని ఆశించలేదు. కొత్త ముద్రణ కోసం చరిత్ర పుస్తకం మొత్తం ఆమెకే అప్పగించారు. ఎర్ర పెన్ను తీసుకుని, శనివారాలు అఫ్జల్‌గంజ్ వెళ్లి వస్తూ, మూడువారాల్లో చూసేసింది.

ప్రూఫులు పట్టాభి బల్ల మీదకు వచ్చిన రోజు స్టాఫ్‌రూమ్‌లో ఇంకెవరూ లేరు. ఘంటిక ఐదుచోట్లా పోయింది. ఆయన తేలికపడి పేజీ తిప్పాడు. తర్వాతి పేజీలో ఇంకో ఎర్ర గీత కనిపించింది. జైలు గోడమీద బొగ్గుతో సంచిక రాసిన సంపాదకుడి కథకు ఎదురుగా 'ఎక్కడా లేదు, దయచేసి ఆధారం చూపండి' అని రాసుంది. గవర్నరు తన గుర్రానికి తెలుగు పత్రిక పేరు పెట్టుకున్న ముచ్చట దగ్గర కూడా అదే మాట. ఇంకోటి, ఇంకోటి. మొత్తం పదకొండు.

పట్టాభి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. గుంటూరులో తనకు చరిత్ర నేర్పిన మాస్టారు వాటిని ఎంత కమ్మగా చెప్పేవాడో గుర్తొచ్చింది. అవి ఏ పుస్తకంలో ఉన్నాయని తను ఒక్కసారి కూడా అడగలేదు. ఇరవై రెండేళ్లలో వేలమందికి చెప్పాడు. వాళ్లలో కొందరు ఇప్పుడు ఊళ్లలో మాస్టర్లు.

ఆ పదకొండింటిలో ఒక్కటి కూడా ఆయన కల్పించినది కాదు.